ఒకే జాబితా కోసం ఒక వకీలు: ఫిజీ చట్టసభలో ఎ.డి. పటేల్



మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గంలో 2019 ఎన్నికల నాటికి 31 లక్షల పైచిలుకు ఓటర్లున్నారు. దేశంలో అంతమంది ఓటర్లున్న నియోజకవర్గం మరొకటి లేదు. రైల్వే ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తమిళులు, మలయాళీలు, కంటోన్మెంటు చుట్టుపక్కల ఇళ్ళు కట్టుకున్న రిటైర్డు సైనికులు, కోస్తా నుంచీ సీమ నుంచీ వచ్చినవాళ్ళు, కూకట్‌పల్లి కాలనీలవాళ్ళు, మేడ్చల్ పల్లెలవాళ్ళు, అందరి పేర్లూ ఒకే జాబితాలో ఇంటి నంబర్ల వరసన ఉంటాయి. బూతులో గుర్తింపు కార్డు చూపించమంటారు గానీ నీదే జాతి, నీదే మతం, నీ ఓటు ఏ జాబితాలోది అని ఎవరూ అడగరు. ఒక నియోజకవర్గానికి ఒకే సాధారణ ఓటర్ల జాబితా ఉండాలని మన రాజ్యాంగం 325వ అధికరణంలో రాసుకున్నాం. తార్నాక పక్కనే ఉస్మానియా లా కాలేజీలో చదివే పిల్లలు కూడా ఆ అధికరణం దగ్గర పెద్దగా ఆగరు. ఆగాల్సిన అవసరం మనకు రాలేదు మరి. పసిఫిక్ మహాసముద్రంలో ఫిజీ అనే ద్వీపదేశం ఉంది. దేశమంతా కలిపినా జనాభా 9 లక్షలకు అటూ ఇటూ, అంటే మల్కాజ్‌గిరి ఓటర్లలో మూడోవంతు కూడా కాదు. అంత చిన్న దేశంలో ఈ ఒక్క జాబితా కోసం 1929లో మొదలైన గొడవ 2013 దాకా సాగింది. ఆ గొడవలో అందరికంటే గట్టిగా వాదించినవాడు అంబాలాల్ డాహ్యాభాయ్ పటేల్, అక్కడి జనం నోట ఎ.డి. పటేల్. వృత్తికి వకీలు. రైతులు ఎన్నుకుంటే చట్టసభకు వెళ్ళి ప్రతిపక్ష నాయకుడి దాకా ఎదిగాడు. ఉమ్మడి జాబితా అడగడంలో న్యాయం ఆయన పక్షానే ఉందనీ, అయినా కోర్టులో నెగ్గించే పద్ధతే చట్టసభలోనూ నెగ్గిస్తుందని నమ్మడం దగ్గర ఆయన దెబ్బతిన్నాడనీ ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను.

పటేల్ గుజరాతీ. మరి మనకేమిటి సంబంధం అంటే, ఆయన కక్షిదారుల్లోనూ ఓటర్లలోనూ మనవాళ్ళు చాలామంది. 1879 నుంచి 1916 వరకు అయిదేళ్ళ కూలి ఒప్పందం మీద ఫిజీకి వెళ్ళిన భారతీయులు 60 వేలమందికి పైనే. మొదట్లో అందరూ కలకత్తా ఓడల్లో వెళ్ళినవాళ్ళే. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా కదిలాయి. వాటిలో వెళ్ళిన సుమారు 15 వేలమందిలో తమిళులతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్ళున్నారు, ఉత్తర ఆర్కాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. 1920లో కూలి ఒప్పందాలు రద్దయ్యాక వీళ్ళలో చాలామంది కంపెనీ భూమిని పదేసి ఎకరాల చొప్పున కౌలుకు తీసుకుని చెరకు వేశారు. కంపెనీ అంటే ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. భూమికి యజమాని కంపెనీయే, అప్పిచ్చేది కంపెనీయే, చెరకు మోసే బుల్లి రైలు కంపెనీదే, తూకం వేసి ధర కట్టేదీ కంపెనీయే. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలిన కుటుంబాలకు ఒకే ఒక్క కొనుగోలుదారు ఉంటే రైతు పరిస్థితి ఏమిటో చెప్పనక్కర్లేదు. ఫిజీలో అదనంగా ఇంకొకటి ఉంది. ఆ కంపెనీకి ఎదురు మాట్లాడదామంటే చట్టసభలో రైతుకు ఉన్న గొంతే చిన్నది.

1905లో ఖేడా జిల్లాలో పుట్టిన పటేల్ లండన్‌లో బారిస్టరు చదివి 1928లో ఫిజీ చేరాడు. ప్రధాన ద్వీపం పశ్చిమాన, చెరకు ప్రాంతం నడుమన ఉన్న నాందీలో ప్రాక్టీసు పెట్టి క్రిమినల్ కేసుల్లో గట్టి వకీలని పేరు తెచ్చుకున్నాడు. అదే నాందీలో సాధు కుప్పుస్వామి 1926లో దక్షిణాదివాళ్ళ కోసం ఒక సంఘం పెట్టాడు, దాన్ని అక్కడ క్లుప్తంగా సంగం అంటారు. పటేల్ ఆ సంగం పనుల్లో ముందు నిలబడ్డాడు. సంగం కోరిక మీద రామకృష్ణ మిషన్ స్వాములు ఫిజీ వచ్చారు, బడులు లేచాయి. 1941లో తెలుగువాళ్ళు తమ భాష కోసం దక్షిణ భారత ఆంధ్ర సంఘాన్ని విడిగా ఏర్పాటు చేసుకున్నారు. అరవమూ తెలుగూ రాని గుజరాతీ వకీలును దక్షిణాది రైతులు తమ మనిషిగా ఎందుకు అనుకున్నారంటే, నా దృష్టిలో జవాబు సులువే. ఉత్తరాదివాళ్ళ మధ్య వీళ్ళు మైనారిటీలో మైనారిటీ. కోర్టులో, కచేరీలో, కంపెనీ ఆఫీసులో తమ తరఫున ఇంగ్లీషులో నిలదీసి మాట్లాడే మనిషి వాళ్ళకు కావాలి. ఆయనకు బలగం కావాలి.

ఇక అసలు వివాదం. 1929లో ఫిజీ భారతీయులకు మొదటిసారి ఎన్నికైన సభ్యులను ఇచ్చారు, ముగ్గురిని. పిడికెడుమంది యూరోపియన్లకు ఆరుగురు. మూలవాసి ఫిజియన్లకు అసలు ఓటే లేదు, వాళ్ళ తెగపెద్దలు సూచించినవాళ్ళను గవర్నరు నియమించేవాడు. ఏ జాతివాడు ఆ జాతి జాబితాలోనే ఓటెయ్యాలి. ఆ ముగ్గురు భారతీయ సభ్యులూ విష్ణు దేవ్ నాయకత్వంలో ఉమ్మడి జాబితా కావాలని తీర్మానం పెట్టారు, ఓడిపోయారు, సభ వదిలి వచ్చేశారు. పటేల్ అప్పటికి దేశానికి కొత్త. కానీ ఆ కోరికను జీవితాంతం మోసింది ఆయనే. 1937లో పోటీ చేసి ఓడిపోయాడు. 1944లో గెలిచి చట్టసభలో అడుగుపెట్టాడు, 1950లో మళ్ళీ ఓడి, 1963 దాకా బయటే ఉన్నాడు. ఉమ్మడి జాబితా మీద అప్పుడూ ఇప్పుడూ వినిపించే పెద్ద ఆక్షేపణ ఒకటుంది. భారతీయులు లెక్కకు ఎక్కువ, అందుకే అందరినీ ఒకే జాబితాలో కలిపేసి దేశాన్ని ఏలుదామనుకున్నారు, న్యాయం మాటలన్నీ పైపూత అని. ఇది తేలిగ్గా తోసేసే ఆక్షేపణ కాదు. 1946 జనాభా లెక్కల్లో భారతీయులు లక్షా 20 వేలు, ఫిజియన్లు లక్షా 18 వేలు. ఆ సంఖ్యలు చూసి ఏ ఫిజియన్ అయినా ఉలిక్కిపడతాడు.

అయితే తారీకులు కూడా చూడాలి. ఈ కోరిక మొదలైంది 1929లో. 1921 లెక్కల్లో భారతీయులు 60 వేల చిల్లర, ఫిజియన్లు 84 వేల పైన. 1936లో కూడా ఫిజియన్లే 12 వేలు ఎక్కువ. తక్కువమంది ఉన్నప్పుడు అడిగిన హక్కును ఎక్కువమంది అయ్యాక అత్యాశ అనడం సరికాదు. రెండో సాక్ష్యం రాజకీయ స్వార్థం గురించి. జాతుల జాబితా పటేల్‌కు ఎంతో అనుకూలం. చెరకు రైతుల ఓట్లతో భారతీయ సీట్లు ఎలాగూ వస్తాయి. ఉమ్మడి జాబితా వస్తే ఫిజియన్ గ్రామాల్లో కూడా ఓట్లు అడుక్కోవాలి. సొంత కోట బద్దలుకొట్టమని అడిగే నాయకుడిని స్వార్థపరుడనడానికి కొంచెం తటపటాయించాలి. మూడోది, ఈ జాతుల లెక్కలో లాభం ఎవరికి దక్కిందన్నది. 1965లో లండన్ మార్ల్‌బరో హౌస్‌లో జరిగిన రాజ్యాంగ సదస్సు తర్వాత 36 సీట్లలో ఫిజియన్లకు 14, దేశంలో సగం ఉన్న భారతీయులకు 12, యూరోపియన్లు తదితరులకు 10 ఇచ్చారు. జనంలో ఏ మూలకూ రానివాళ్ళకు పది సీట్లు! ఫిజియన్ రక్షణ పేరు చెప్పి కట్టిన గోడ నీడలో ఎవరు సేదదీరారో ఆ అంకె చెబుతుంది. ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. మన దేశంలోనూ 1909 నుంచి వేరు జాబితాలుండేవి. 1932లో పూనా ఒడంబడికలో దళితులకు రిజర్వు సీట్లు ఉంటూనే ఓటర్లు మాత్రం ఉమ్మడిగా ఉండే మార్గం కుదిరింది. బలహీనుడికి సీటు భద్రం, కానీ ఆ సీటు కోసం అందరి దగ్గరికీ వెళ్ళాలి. ఫిజీకి సరిపడే మందు ఇలాంటిదేనని నా అభిప్రాయం.

పటేల్ మీద రెండో అభియోగం 1943 సమ్మె. యుద్ధం నడుస్తోంది, ఫిజియన్ యువకులు సొలొమన్ దీవుల్లో జపాన్ సైన్యంతో పోరాడుతున్నారు. అదే సమయంలో చెరకు ధర చాలదని రైతులు కోత ఆపేశారు. 1941లో పటేల్, రామకృష్ణ మిషన్ స్వామి రుద్రానంద కలిసి పెట్టిన రైతుల సంఘం మహాసంఘ్ ఆ సమ్మెకు వెన్నెముక. దాని సభ్యుల్లో ఎక్కువమంది దక్షిణాదివాళ్ళు. ప్రభుత్వం ఇద్దరు నాయకుల కదలికల మీద ఆంక్షలు పెట్టింది. చెరకు పొలాల్లోనే పాడైంది, రైతుకు పైసా పెరగలేదు. యుద్ధకాలంలో ద్రోహం చేశారన్న మాట భారతీయుల మీద దశాబ్దాలు మిగిలిపోయింది. దీనికి నా సమాధానం సగమే. సరుకుల ధరలు మండిపోతుంటే చెరకు ధర ఎందుకు కదలదని అడగడం ద్రోహం కాదు. లెక్కలు చూపించకుండా కుదరదంటున్న కంపెనీని ఎవరూ ద్రోహి అనలేదు, గమనించండి. మిగతా సగానికి మాత్రం పటేల్ తరఫున చెప్పేదేమీ లేదు. 1937లోనే అయోధ్యా ప్రసాద్ కిసాన్ సంఘ్ పెట్టి రైతులను కూడగట్టాడు. దానికి పోటీగా మహాసంఘ్ లేచింది. ఉత్తరాది, దక్షిణాది అనే గీత పొలం గట్ల మీదికి వచ్చింది. దేశానికి ఒకే జాబితా కావాలన్న మనిషి రైతులకు ఒకే సంఘం నిలుపుకోలేకపోయాడు. ఆ లోపానికి మూల్యం చెల్లించినవాళ్ళలో మన తెలుగు రైతులూ ఉన్నారు.

పటేల్ పద్ధతి మొత్తం కనబడే సన్నివేశం 1946 చట్టసభలో ఉంది. రాగ్ అనే యూరోపియన్ సభ్యుడు ఒక తీర్మానం తెచ్చాడు. ఫిజీని 1874లో బ్రిటన్ రాణికి అప్పగించిన దస్తావేజు ఉంది కదా, ఫిజియనేతరులు పెరిగిపోతున్నారు కాబట్టి ఫిజియన్ల ప్రయోజనాలు కాపాడతామన్న ఆ దస్తావేజు మాటను గట్టిగా గుర్తుచేయాలని. మాట ఫిజియన్లది, గురి భారతీయుల మీద. పటేల్ జవాబు వకీలు చదివినట్టే చదివాడు. ముందు పత్రం తీసుకున్నాడు. ఆ దస్తావేజుతో భూములు పోకుండా కాపాడుకున్నది ఎవరి నుంచి? యూరోపియన్ తోటదొరల నుంచే కదా అన్నాడు. తర్వాత చరిత్ర. ఇక్కడ తోటల్లో కూలి చేయడానికి మా వాళ్ళు వచ్చారు కాబట్టే ఫిజియన్ తన ఊరు, తన పరువు, తన ఆచారం నిలుపుకున్నాడు అన్నాడు. వాస్తవం ఆయన వైపే ఉంది. గవర్నరు ఆర్థర్ గోర్డన్ భారత కూలీలను రప్పించింది ఫిజియన్లను గ్రామాల నుంచి కదపకుండా ఉంచాలనే. మర్నాడు చదివే జడ్జికి ఆ ప్రసంగంలో లొసుగు దొరకదు. కానీ ఆ రోజు వినే ఫిజియన్‌కు అది వేరుగా వినబడి ఉంటుంది. నీ పరువు మా చలవే అని పొరుగువాడు రుజువులతో సహా చెబితే ఎవరికి నచ్చుతుంది? యూరోపియన్ సభ్యుడిని ఓడించాలని ఆయన చేసిన వాదం, కలుపుకోవాల్సిన ఫిజియన్‌ను దూరం పెట్టింది. భూమి యాజమాన్యం జోలికి తాము పోమనీ, కౌలు కాలానికి భద్రత మాత్రం కావాలనీ ఆయన పక్షం అంటూనే ఉంది. ఆ మాట ఇంత గట్టిగా ఎవరికీ గుర్తుండలేదు.

1960 నాటి చెరకు సమ్మె, దాని మీద ఈవ్ కమిషన్, రైతులకు నచ్చని కొత్త ఒప్పందం, వీటి వేడిలో పటేల్ మళ్ళీ ముందుకొచ్చాడు. 1963 ఎన్నికల్లో గెలిచాడు. ఫిజియన్లకూ, స్త్రీలకూ ఓటు వచ్చింది ఆ ఎన్నికల్లోనే. 1964లో ఫెడరేషన్ పార్టీ పెట్టాడు. ఫిజీలో అదే మొదటి రాజకీయ పార్టీ. అదే ఏడాది సభ్యులకు శాఖలు అప్పగించినప్పుడు విద్య, వైద్యం ఉన్న సాంఘిక సేవల శాఖ ఆయనకు వచ్చింది. 1966లో భారతీయ జాబితా ఒక్కటే ఎన్నుకునే తొమ్మిది సీట్లూ ఆయన పార్టీవే, అధికారం మాత్రం ఫిజియన్ నాయకుడు రాతూ మారా నడిపిన అలయన్స్ పార్టీది. పటేల్ ప్రతిపక్ష నాయకుడయ్యాడు. 1965 రాజ్యాంగం మార్చాలని కోరుతూ 1967 సెప్టెంబరులో తన సభ్యులతో వాకౌట్ చేసి, సభకు వెళ్ళక సీట్లు పోగొట్టుకుని, 1968 ఉప ఎన్నికల్లో తొమ్మిదింటికి తొమ్మిదీ ఇంకా పెద్ద మెజారిటీలతో గెలిచాడు. లెక్క ప్రకారం గొప్ప విజయం. కానీ ఓటేసింది భారతీయ జాబితా మాత్రమే. ఫిజియన్లు వీధుల్లోకి వచ్చి నిరసన ఊరేగింపులు తీశారు. జాతుల జాబితా తప్పని నిరూపించడానికి జాతుల జాబితాలోనే బలం చూపించాల్సి రావడం ఆయనకు దాటరాని ఇబ్బంది. అపిసాయి తోరా వంటి ఫిజియన్ నాయకుల పార్టీని ఆ తర్వాత కలుపుకుని నేషనల్ ఫెడరేషన్ పార్టీ అయినా, అప్పటికే ఆలస్యమైంది.

ఆయన పద్ధతి నూటికి నూరుపాళ్ళు పనిచేసిన చోటు ఒకటుంది. 1969లో చెరకు ఒప్పందం మీద మధ్యవర్తిగా ఇంగ్లండు నుంచి లార్డ్ డెన్నింగ్ వచ్చాడు. మన లా విద్యార్థులు ఆయన తీర్పులు చదవకుండా కోర్సు పూర్తి చేయరు. ఇక్కడ ఓట్లు లేవు, జాబితాలు లేవు. ఒక బల్ల, అటు కంపెనీ వకీళ్ళు, ఇటు రైతుల వకీళ్ళు, మధ్యలో లెక్కల పుస్తకాలు. ఏళ్ళ తరబడి కంపెనీ చెప్పిందే ధర. ఇప్పుడు ఆ ధర వెనకున్న లెక్కను ఒక జడ్జి ముందు పెట్టి ప్రశ్నించే వీలు దొరికింది. రైతుల పక్షాన వాదన నడిపించింది పటేల్. తీర్పు 1970 జనవరిలో వచ్చింది. పంచదార, మొలాసిస్ అమ్మిన డబ్బులో రైతుకు 65 శాతం, మిల్లుకు 35 శాతం. ధర పడిపోయినా టన్నుకు 7.75 డాలర్లకు తగ్గకుండా రైతుకు హామీ. ఆ షరతుల మీద నడపలేమని కంపెనీ చేతులెత్తేసి 1973లో మిల్లులు ఫిజీ ప్రభుత్వానికి అమ్మి వెళ్ళిపోయింది. తొంభై ఏళ్ళుగా ఆ దీవులను ఏలిన కంపెనీ అలా ఓడ ఎక్కింది. తీర్పు వినడానికి పటేల్ లేడు. 1969 అక్టోబరు 1న కన్నుమూశాడు.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. చెరకు ధర లెక్కకు సంబంధించింది. లెక్క తప్పని రుజువు చేస్తే జడ్జి మార్చాడు. ఓటర్ల జాబితా భయానికి సంబంధించింది. నీ భయం నిరాధారం అని ఎన్ని రుజువులు చూపినా భయపడ్డవాడు జడ్జి స్థానంలో లేడు, ప్రతివాది స్థానంలోనే ఉన్నాడు. అతనికి కావాల్సింది హామీ. రిజర్వు సీట్లతో కూడిన ఉమ్మడి జాబితా అనే మన దారిని పార్టీ జెండాగా ఎత్తి ఫిజియన్ గ్రామాల్లో తిరిగి చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. తెగపెద్దల పట్టు, గవర్నర్ల ధోరణి చూస్తే అదీ నెగ్గేది కాదని చరిత్రకారులు వాదించవచ్చు. ఆ వాదనలో బలముంది. అసలు స్వాతంత్ర్యం మాటే వద్దన్న నాయకులు అవతల ఉన్నప్పుడు తప్పంతా పటేల్ నెత్తిన రుద్దడం నాకు సమ్మతం కాదు. కానీ ప్రయత్నించి ఓడడానికీ, ఆ వైపు వెళ్ళకుండా ఓడడానికీ తేడా ఉంది. ఆయన జీవితాన్ని శ్రద్ధగా రాసిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ పుస్తకం 1997లో వచ్చింది. ఆసక్తి ఉన్నవాళ్ళు వెతికి చదవాలి.

ఆయన పోయాక వారసుడు సిద్దిక్ కోయా మారాతో రాజీ కుదుర్చుకున్నాడు. 1970 అక్టోబరు 10న ఫిజీ స్వతంత్రమైంది, జాతుల జాబితాలు మాత్రం మిగిలాయి. 1987 ఏప్రిల్‌లో పటేల్ పార్టీ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం మొదటిసారి వచ్చింది. నెల తిరగ్గానే మే 14న లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రబుకా సైనికులతో పార్లమెంటులోకి నడిచి దాన్ని కూల్చేశాడు. 1879లో మొదటి కూలీల ఓడ ఫిజీ చేరింది కూడా మే 14నే. చివరికి ఉమ్మడి జాబితా 2013 రాజ్యాంగంతో వచ్చింది. కాకపోతే దాన్ని తెచ్చింది 2006లో తిరుగుబాటు చేసి గద్దెనెక్కిన సైనిక ప్రభుత్వం. కోరిక నెరవేరింది కదా అని పటేల్ వాదం నెగ్గినట్టు కాదు. ఆయన అడిగింది చర్చించి ఒప్పుకున్న సమానత్వం, వచ్చింది పైనుంచి దిగిన ఆజ్ఞ. అయినా 2014 సెప్టెంబరులో ఫిజీ ప్రజలంతా మొదటిసారి ఒకే జాబితాలో, దేశమంతా ఒకే నియోజకవర్గంగా ఓటేశారు. ఆ తర్వాత 2022 డిసెంబరు ఎన్నికల్లో పటేల్ స్థాపించిన పార్టీ అయిదు సీట్లు గెలిచి ఒక సంకీర్ణ ప్రభుత్వంలో చేరింది. ఆ ప్రభుత్వానికి ప్రధానమంత్రి, 1987లో వాళ్ళనే దింపేసిన సితివేని రబుకా.